ఉప్పు మార్చిన వేసవి

తండ్రిని బాపు అని, తల్లిని అవ్వ అని పిలిచే ఇల్లు మాది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్, రెండు గదులు, వెనక రేకుల వంటిల్లు. బాపు ఓపెన్‌కాస్ట్ గనిలో నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. బొగ్గూ మట్టీ మోసే డంపర్లు తిరిగే రోడ్డు మీద దుమ్ము లేవకుండా షిఫ్టంతా నీళ్లు చల్లుతూ తిరగడం ఆయన పని. నేను రామగుండంలో ఒక విద్యుత్ కేంద్రంలో నీటి ల్యాబ్ టెక్నీషియన్‌ని. బాయిలర్‌లోకి పోయే నీళ్లలో సోడియం ఎంత, సిలికా ఎంత, ఆక్సిజన్ ఎంత అని రెండు గంటలకోసారి కొలిచి రిజిస్టర్లో రాస్తాను. కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. ఏ పని మొదలుపెట్టినా ముందు కాగితం మీద గీతలు గీసి, గడులు చేసి, అంశాలు రాసుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు మంచిదనే అనుకునేవాణ్ణి.

బాపు రిటైర్మెంట్ జూన్ నెలాఖరుకు. ఏప్రిల్ వచ్చేసరికి మూడు నెలలు మిగిలాయి. ఆ మూడు నెలల మీద ఆయనకు ఒకటే పంతం: ఆఖరి రోజు దాకా బండి మీదే ఉండాలి. మా దగ్గర చివరి ఏడాది ఒంట్లో బాగోలేని వాళ్లకు తేలిక పని ఇస్తారు. హాజరు వేసే మస్టర్ ఆఫీసు దగ్గర ఒక కుర్చీ చూపించి కూర్చోమంటారు. అందులో తప్పేమీ లేదు. బాపుకు మాత్రం ఆ కుర్చీ పేరెత్తితే ముఖం మారిపోయేది.

"ముప్పై ఏండ్లు బండి తోలినోడు ఆఖరుకు కుర్చీల నుంచి లేచి ఇంటికి పోతడా?" అనేవాడు. "బండి దిగి, తాళం చేతిల పెట్టి పోవాలె. గంతే."

ఆయనతో పాటు మా పక్క వరసలో ఉండే మెకానిక్ ఒకాయన డ్యూటీకి వెళ్లేవాడు. నేను ఆయన్ని చాచా అంటాను. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మాతో తెలుగు. బాపు ట్యాంకర్‌కు పంపు చెడినా, గొట్టం పూడినా బాగుచేసేది ఆయనే. పొద్దున ఆరు గంటలకు ఆయన బైక్ మా వాకిట్లో ఆగేది, అవ్వ ఇచ్చే చాయ్ తాగి ఇద్దరూ కలిసి మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక పొద్దున చాయ్ తాగుతూ చాచా నవ్వాడు.

"బేటా, మీ బాపు ఓఆర్‌ఎస్ ఎట్ల తాగుతడో తెలుసా నీకు?"

"ఎట్ల?"

"తాగడు. తింటడు. జర్దా లెక్క అరచేతిల పోసుకొని నోట్లే వేసుకుంటడు. మీదికెళ్లి ఒక గుక్క నీళ్లు. ఖతం."

ఎండలు ముదిరాక మస్టర్ దగ్గర మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచుతారు. బాపు రోజూ రెండు తీసుకుంటున్నాడని నాకు తెలుసు. కలుపుకుని తాగుతున్నాడని అనుకున్నాను.

"నిజమేనా బాపు?"

"నేనొక్కణ్ణేనా? బండి తోలేటోళ్లు సగం మంది గట్లనే," అన్నాడు బాపు తొణక్కుండా. "పుల్లగ, తియ్యగ మంచిగనే ఉంటది. లీటర్ నీళ్లు తాగితే ఎన్ని సార్లు దిగాలె? ట్యాంకర్ నిచ్చెన మీదికెళ్లి దిగి, మళ్ల ఎక్కుడు. నేను రోడ్డు మీద ఆగితే ఎనకాల డంపర్లన్నీ ఆగుతయి. హారన్లు కొడ్తరు. అరవై దాటిన మనిషి మూత్రం పోయి వచ్చేదాకా పది బండ్లు చూసుకుంట ఉంటయి."

"షరమ్ అయితది అన్నకు," అన్నాడు చాచా.

"నీకైతే కాదా?"

"నాకేం షరమ్? నేను షెడ్డుల ఉంట."

అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీళ్లు తాగితే దిగాల్సి వస్తుందని, నీళ్లు లేకుండా నీళ్ల మందు మింగడం. ఆ మిషన్ల మీద పనిచేసేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

ఆ సాయంత్రం ప్యాకెట్ ముందు పెట్టుకుని బాపుకు చెప్పాను. ఇందులో ఉన్నవి నాలుగు: మామూలు ఉప్పు, పొటాషియం ఉప్పు, సిట్రేట్ అనే ఇంకో ఉప్పు, గ్లూకోజు. ఇవి సరిగ్గా లీటరు నీళ్లలో కలిస్తేనే పేగుల్లోంచి నీళ్లను ఒంట్లోకి లాగుతాయి. చిక్కగా ఉంటే పని తలకిందులవుతుంది, ఒంట్లో నీళ్లే పేగుల్లోకి వస్తాయి.

"అంటే?"

"అంటే దూప తీరాలని తిన్నది ఇంకింత దూప పెడ్తది."

బాపు ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అందుకేనా మధ్యాహ్నం అయ్యేసరికి నాలిక పిడచ కట్టుకపోతది?"

అలా చేరాం అసలు చిక్కు దగ్గరికి. ఎప్పుడు తాగాలి, ఎప్పుడు దిగాలి. దానికి నేను నిజంగానే మంచి దారి కనిపెట్టాను. ట్యాంకర్ నీళ్లు అయిపోయాక నింపుకునే చోటుకు వెళ్తుంది. అక్కడ పైపు పెట్టి నిండేదాకా ఎలాగూ ఆగాలి. అక్కడ ఏ డంపరూ హారన్ కొట్టదు. ఒక షిఫ్టులో ఎన్ని సార్లు నింపుతారో అడిగి, ప్రతిసారీ దిగాలి, దిగి వచ్చాక ఇన్ని గుక్కలు తాగాలి అని రాశాను. లీటరు సీసా కొని దాని మీద పెన్నుతో గీతలు పెట్టాను. రోజుకు రెండు సీసాలు, సీసాకు ఒక ప్యాకెట్, పూర్తిగా కలపాలి, మర్నాటికి మిగిలింది పారబోయాలి. దాన్ని మజ్జిగలో కలపొద్దు, పండ్ల రసంలో కలపొద్దు, చక్కెర వేయొద్దు. మామూలు నీళ్లు వేరే సీసాలో.

వారం తిరిగేసరికి బాపు నాలుక తడారడం తగ్గింది. ఇంటికొచ్చాక తలనొప్పి అనడం మానేశాడు. "మంచిగుందిరా," అన్నాడు. మా ఇంట్లో ఆయన ఎవరినైనా మెచ్చుకోవడానికి వాడే మాట అది ఒక్కటే.

అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు.

బాపుకు బీపీ ఉంది. నాలుగేళ్లుగా రోజుకొక మాత్ర. ఓఆర్‌ఎస్‌లో సోడియం ఉంటుంది కదా, బీపీ మనిషికి సోడియం తగ్గాలి కదా అని నాకు సందేహం వచ్చింది. సందేహం సరైనదే. దాన్ని డాక్టరును అడగాలి. నేను లెక్క వేసుకున్నాను. ఒకవైపు పెరిగిన సోడియాన్ని ఇంకోవైపు తగ్గిద్దామని బజారుకు పోయి సోడియం తక్కువ ఉన్న ఉప్పు ప్యాకెట్ తెచ్చాను. వంద గ్రాములకు సోడియం ఎంతో మామూలు ఉప్పు ప్యాకెట్ పక్కన పెట్టి చూసి, తేడాను నా కాగితంలో రాసుకుని తృప్తిపడ్డాను. పొటాషియం బీపీని తగ్గిస్తుందని ఎక్కడో చదివాను కాబట్టి రోజూ సాయంత్రం ఒక కొబ్బరిబోండం కూడా చేర్చాను. కాగితాన్ని వంటింటి తలుపు లోపలివైపు అంటించాను.

అవ్వకు ఆ ఉప్పు మొదటి రోజే నచ్చలేదు.

"ఏం ఉప్పురా ఇది? చప్పగ, ఎనక చేదు తగుల్తుంది. మందుగోళీ నూరి వేసినట్టుంది."

"బాపు బీపీకి మంచిదవ్వా. అలవాటు అయితది."

"చారుల ఎంతేసినా ఉప్పు పడ్తలేదు."

ఆ మాట నేను విన్నాను. అంటే ఆమె చెంచా మీద చెంచా వేస్తోందని నాకు అర్థం కావాలి. కాలేదు.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. బాయిలర్‌లోకి ఏ రసాయనం పంపినా, అందులోంచి ఉప్పులు బయటికి పోయే దారి సరిగ్గా తెరుచుకుంటోందా అని ముందు చూసుకోవాలి. ఆ వాల్వు సగం మూసుకుపోయి ఉంటే లోపలికి పంపే ప్రతి గ్రామూ లోపలే పేరుకుంటుంది. ల్యాబ్‌లో నేను ఒక్కసారి కూడా ఆ తప్పు చేయలేదు. బాపు విషయంలో లోపలికి పోయేవన్నీ కాగితం మీద రాశాను. బయటికి పోయే దారి, అంటే మూత్రపిండాలు, ఆ కాగితంలో ఎక్కడా లేవు. ఆరు నెలల కిందటి ఆయన వైద్య పరీక్ష రిపోర్టులో, మూత్రపిండాల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువే ఉంది. ఆ రిపోర్టు నా ఫైల్లోనే ఉంది. తేదీ వారీగా పెట్టాను కూడా.

మే మొదటి వారంలో బాపు కాళ్లు బరువుగా ఉన్నాయన్నాడు.

"సత్తువ లేనట్టున్నదిరా. నిచ్చెన ఎక్కుతుంటే తొడలు గుంజుతున్నయి."

"చెమట ఎక్కువ పోతున్నది బాపు. ఇంకో ప్యాకెట్ పెంచుదాం."

రెండు లీటర్లు మూడు లీటర్లయ్యాయి. కాగితంలో రెండు కొట్టేసి మూడు రాశాను. ఈ సంగతంతా రాస్తున్నప్పుడు నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఆ అంకె.

తర్వాత నాలుగు రోజులకు మధ్యాహ్నం మూడున్నరకు చాచా ఫోన్ చేశాడు. షిఫ్టు అయిపోయింది, బాపు ట్యాంకర్ దిగుతుంటే చివరి మెట్టు దగ్గర కాళ్లు నిలవలేదు, ఇద్దరు పట్టుకుని దించారు, దవాఖానకు తెచ్చాం అన్నాడు. "వడదెబ్బ అనుకుంటున్న బేటా. జల్ది రా."

నేను ల్యాబ్‌లో మిగిలిన శాంపిళ్లు పక్కవాడికి అప్పగించి బయల్దేరాను. దారిలో మందుల దుకాణం దగ్గర ఆగి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కొని, నీళ్ల సీసాలో కలుపుకునే వెళ్లాను. అంత కంగారులోనూ సరిగ్గా లీటరు.

బాపు మంచం మీద పడుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, స్పృహ బాగానే ఉంది. అవ్వ అప్పటికే వచ్చి కాళ్లు పిసుకుతోంది. చాచా తల దగ్గర నిలబడ్డాడు.

"కాళ్లు నావి కానట్టున్నయిరా," అన్నాడు బాపు. "మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టున్నది."

"ఇది తాగు బాపు. తగ్గుతది."

నేను ఆయన తల కింద చెయ్యి పెట్టి లేపాను. సీసా మూతి పెదవులకు తగిలింది.

"ఆగండి. ఏం తాగిస్తున్నారు?"

వార్డు తలుపు దగ్గర నుంచి డాక్టరమ్మ. ఆమె గొంతు పెద్దదేమీ కాదు. నా చెయ్యి ఆగింది.

"ఓఆర్‌ఎస్ మేడం. వడదెబ్బ కదా."

"వడదెబ్బ అని ఎవరన్నారు? ఒళ్లు వేడి లేదు. ముందు ఈసీజీ తీయనివ్వండి. అప్పటిదాకా ఏమీ ఇవ్వొద్దు." సీసా నా చేతిలోంచి తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది.

ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే ఆమె దాన్ని చేత్తో పట్టుకుని చూసింది. అలలన్నీ గుడారాల్లా మొనదేలి పైకి లేచి ఉన్నాయి. నాకు ఈసీజీ చదవడం రాదు. ఆమె ముఖం చదవగలిగాను. రక్తం తీసి పంపింది, నర్సును ఏదో ఇంజెక్షన్ సిద్ధం చేయమంది, తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ నెల రోజుల్లో ఆయన ఏమేం తిన్నారు, ఏమేం తాగారు? గుర్తున్నంత వరకు చెప్పండి."

నా దగ్గర ఉన్నదే అది. వంటింటి తలుపు మీది కాగితం ఫొటో ఫోన్లో ఉంది. చూపించాను. ఆమె రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో వరుసా చదివింది.

"ఓఆర్‌ఎస్ మూడు లీటర్లు. రోజూనా?"

"రోజూనే."

"కొబ్బరినీళ్లు. సరే. ఈ ఉప్పు ఏమిటి?"

"సోడియం తక్కువ ఉండే ఉప్పు మేడం. బీపీ కోసం."

"సోడియం తగ్గించిన చోట ఏం వేస్తారు అందులో?"

నేను కెమిస్ట్రీ చదివాను. జవాబు నోటిదాకా రావడానికి ముందే అవ్వ చారులో వేసిన చెంచాలు గుర్తొచ్చాయి.

"పొటాషియం క్లోరైడ్."

"బీపీకి ఏ మాత్ర?"

చెప్పాను. ఆమె తల ఊపింది. "ఆ రకం మాత్రలు పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. కిడ్నీ పని కొంచెం మందగించినవాళ్లలో మరీను. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?"

"లేదు," అన్నాను. కాగితంలో లేదు కదా.

బాపు కప్పు వైపు చూస్తున్నాడు. చాచా గొంతు సవరించుకున్నాడు.

"మేడం, నడుము నొస్తుందంటే నేనే ఇచ్చిన. నా కాడ ఉండె. దినాం ఒకటి. రెండు వారాల నుంచి."

"రెండు," అన్నాడు బాపు కప్పునే చూస్తూ.

"రెండు ఎప్పుడిచ్చిన అన్నా నీకు?"

"ఇంకొకటి నేను కొనుక్కున్న."

డాక్టరమ్మ ఆ మాట కేసు కాగితంలో రాసుకుంది. తర్వాత గంట సేపు ఆమె, నర్సు మాట్లాడుకున్న మాటలే విన్నాం. గుండెను కాపాడటానికి కాల్షియం ఇంజెక్షన్ నెమ్మదిగా ఎక్కించారు. గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ పెడుతుంటే అవ్వ నా చొక్కా పట్టుకుని గుంజింది.

"ఈయనకు షుగర్ లేదు కదరా. చెప్పు వాళ్లకు."

"షుగర్‌కు కాదవ్వా. రక్తంల ఎక్కువైన ఉప్పును లోపలికి నెట్టేటందుకు."

"ఏ ఉప్పు?"

నా చూపు కిటికీ గట్టు మీది సీసా మీదికి పోయింది. అవ్వ నా ముఖం చూసింది, ఇంకోసారి అడగలేదు.

రక్తం రిపోర్టు వచ్చింది. పొటాషియం ఐదు లోపు ఉండాలి. ఆయనకు ఆరు దశాంశం ఎనిమిది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. "ఇంకొంచెం పెరిగి ఉంటే గుండె ఆగేది. ఆ సీసా తాగించి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఇప్పుడు చేతిలోనే ఉంది. రేపు పొద్దున మళ్లీ చూద్దాం." ఆమె దాన్ని తిట్టులా అనలేదు, కొలిచి చెప్పింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వరండాలో ఎండ నేల మీద సగం దాకా వచ్చి ఉంది.

మర్నాడు పొద్దున అంకె ఐదున్నరకు దిగింది. బాపు కాళ్లు తనవయ్యాయి. మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని, రాత్రంతా అనుకున్న మాట అనేశాను.

"బాపు, నా వల్లనే అయ్యింది. ఉప్పు నేనే మార్చిన. ప్యాకెట్ ఎనక సన్న అక్షరాలల్ల రాసే ఉన్నది, కిడ్నీ, బీపీ మందులున్నోళ్లు డాక్టర్‌ను అడగాలని. నేను ముందట అంకెలే చూసిన."

ఆయన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు.

"మంచికే చేసినవులే అని నేను అనను," అన్నాడు. "అడిగి చెయ్యాలె. బండికి ఆయిల్ మార్చాల్నన్నా నేను మీ చాచాను అడుగుత. నువ్వు మనిషికి ఉప్పు మారిస్తివి."

"అవును."

అప్పుడే వచ్చిన చాచా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. బాపు ఆయన్ని చూసి చెయ్యి ఊపాడు.

"రా రా. ఒకడు ఉప్పుతోని, ఒకడు గోళీతోని. ఇద్దరు కలిసి మంచిగనే చూసుకున్నరు నన్ను."

"మాఫ్ చెయ్ అన్నా."

"కూసో. ఇడ్లీ తింటవా? దీనిల ఉప్పు అసలే లేదు."

చాచా నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

ఆ పూట రౌండ్లకు వచ్చినప్పుడు డాక్టరమ్మ నాకు కాస్త సమయం ఇచ్చింది. నేను నోటుపుస్తకం తీశాను. ఆమె నవ్వింది, రాసుకోండి అంది. ఓఆర్‌ఎస్ చెడ్డది కాదు. విరేచనాలైనప్పుడు, ఎండలో గంటల కొద్దీ చెమటోడ్చినప్పుడు ప్రాణం కాపాడుతుంది. కానీ అది మందు, మంచినీళ్లకు బదులు కాదు. మామూలు మనిషికి మామూలు రోజున నీళ్లు, అన్నం, కాస్త మజ్జిగ సరిపోతాయి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ మందులు ఉన్నవాళ్లు రోజూ తాగాలంటే ముందు అడగాలి. దుకాణాల్లో డబ్బాల్లో దొరికే తియ్యటి నీళ్లన్నీ ఓఆర్‌ఎస్ కావు. ఉత్త నీళ్లే అదే పనిగా లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, అప్పుడు సోడియం పడిపోతుంది. కాళ్లలో నీరసం అనేది పొటాషియం తగ్గినా వస్తుంది, పెరిగినా వస్తుంది.

ఆ చివరి వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది. "మరి తేడా ఎట్ల తెలుస్తది మేడం?"

"ఇంట్లో తెలియదు. రక్తం చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇంట్లో మోతాదు పెంచకూడదు."

నేను పెంచాను అని ఆమెకు తెలుసు. కాగితంలో కొట్టేసిన రెండూ, పక్కన మూడూ ఫొటోలో స్పష్టంగా ఉన్నాయి.

బాపు అడిగింది ఒకటే. "డాక్టరమ్మా, బండి ఎక్కుతనా?"

"ఇప్పుడే కాదు. బీపీ మాత్ర మార్చాను. నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు. నెల రోజులు తేలిక పని రాస్తాను. మళ్లీ పరీక్షలు చూసి చెప్తాను."

"నెల అంటే జూన్ సగం అయితది."

"అవుతుంది."

"మాది జూన్ ఆఖరుకు."

"తెలుసు. మీ కార్డు మీద ఉంది." బాపు దుప్పటి అంచును వేళ్లతో మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. ఆయన ప్రాణం నిలబడింది. ఆయన కోరుకున్నది పోతున్నట్టుంది. ఆ రెండో దానికి కూడా నేనే కారణం. దీనికి ఇన్సులిన్, కాల్షియం లేవు.

నాలుగు రోజులకు ఇంటికి వచ్చాం. అవ్వ ఆ ఉప్పు డబ్బాను పెరట్లో బోర్లించింది. మామూలు ఉప్పు తెచ్చి, డాక్టరమ్మ చెప్పినట్టు రోజుకు ఎంతో అంతే ఒక చిన్న గిన్నెలోకి తీసిపెట్టి, అందులోంచే వండటం మొదలుపెట్టింది. తలుపు మీది కాగితాన్ని నేను తీసేస్తుంటే, "ఇంకోటి అంటిస్తవా?" అని అడిగింది.

"లేదవ్వా."

"మంచిది. తలుపు రంగు పోతుంది."

మే మూడో వారం నుంచి బాపు కుర్చీలో కూర్చున్నాడు. మస్టర్ దగ్గర ఆయనకు ఇచ్చిన పని మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచడం. మొదటి వారం ఇంటికొచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. చాచానే చెప్పేవాడు.

"మీ బాపు ఊకనే ప్యాకెట్ ఇస్తలేడు బేటా. ఒక్కొక్కణ్ణి ఆపి, సీసా ఏది, చూపియ్యి అంటున్నడు. సీసా లేనోనికి ప్యాకెట్ లేదు. బీపీ గోళీ మింగుతున్నవా, కిడ్నీల రాయి ఉన్నదా, అన్నీ అడుగుతున్నడు. లైను ఆగమైతుంది. పోరగాళ్లు పెద్ద డాక్టర్ వచ్చిండని నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి," అన్నాడు బాపు. "నిన్న ఒకడు నా ముందటనే నోట్లే పోసుకోబోయిండు. చెయ్యి పట్టుకొని ఉమ్మిపిచ్చిన."

"ఆ పిలగాడు మీ బావమరిది కొడుకు అన్నా."

"ఎవడైతేంది?"

ఆయన ఆ పని శ్రద్ధగానే చేశాడు. కానీ కుర్చీ కుర్చీయే. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని గని వైపు చూసేవాడు. గని మా క్వార్టర్ల నుంచి కనబడదు, ఎండ రోజుల్లో ఆ దిక్కున గాలిలో ఎర్రటి మసక మాత్రం కనబడుతుంది. "దుమ్ము చూడు," అనేవాడు. "ఇవాళ తోలేటోడు నీళ్లు అంచులకు పోస్తున్నడు. నడిమిట్ల పోస్తలేడు." ఇంత దూరం నుంచి అది ఎలా తెలుస్తుందో నేను అడగలేదు.

వారానికోసారి రక్తం. ఐదు దశాంశం రెండు. నాలుగు దశాంశం తొమ్మిది. నాలుగు దశాంశం ఆరు. ఇప్పుడు ఆ అంకెలను నేను ఎక్కడా రాసుకోలేదు, అయినా అన్నీ గుర్తున్నాయి. జూన్ మధ్యలో ఈసీజీ చూసి, క్రియాటినిన్ చూసి, కళ్లు, కాళ్ల బలం పరీక్షించి డాక్టరమ్మ ఫిట్ అని రాసింది. బాపు ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. బయటికి రాగానే మా ఇద్దరి మీద చినుకులు పడ్డాయి.

వాన మొదలైంది. మొదటి రోజు అందరికీ హాయి. రెండో రోజు బాపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మూడో రోజు నాకు విషయం తట్టింది. వాన పడితే గని రోడ్డు తడిగా ఉంటుంది. తడిగా ఉన్న రోడ్డుకు నీళ్ల ట్యాంకర్ అక్కర్లేదు. ఫిట్ కాగితం జేబులో పెట్టుకుని ఆయన డ్యూటీకి పోతున్నాడు, బండి షెడ్డు పక్కన నిలబడి ఉంటోంది.

"మస్టర్ల కూసో అన్నరు," అని చెప్పాడు ఆ సాయంత్రం. "బండ్లనే కూసుంట అన్న. వాన నీళ్లు అద్దం మీద పడుకుంట ఉన్నయి. షిఫ్టంతా గట్లనే కూసున్న."

"ఆకలి కాలేదా?" అంది అవ్వ.

"తిన్న. బండ్లనే తిన్న."

జూన్ ఇరవై దాటింది. వాన రోజూ కాసేపు. చాచా ఎదురుచూసి ఎదురుచూసి, ట్యాంకర్ పంపు పరీక్ష చేయాలన్న నెపంతో షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పిస్తానన్నాడు. బాపు వద్దన్నాడు. పని లేకుండా బండి తిప్పడం ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. నేను రోజూ ల్యాబ్ నుంచి బయటికి వచ్చినప్పుడల్లా ఆకాశం చూసేవాణ్ణి. ఆ ప్రాంతమంతా వాన కోసం చూసే నెలలో ఎండ రావాలని కోరుకోవడం తప్పు. మావాళ్లకు అవతలి ఊళ్లో పొలం ఉంది, పత్తి గింజలు వేసి ఉన్నారు. అయినా చూసేవాణ్ణి.

ఇరవై ఆరున మబ్బు విడిపోయింది. మర్నాడు ఎండ. ఆ మర్నాడు ఇంకా గట్టి ఎండ, పడమటి గాలి. పొద్దున పదిన్నరకు నేను బాయిలర్ నీటి శాంపిల్ పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఫోన్ మోగింది. బాపు. డ్యూటీలో ఉండగా ఆయన నాకు ఎన్నడూ ఫోన్ చేయలేదు. శాంపిల్ పక్కన పెట్టి ఫోన్ ఎత్తాను.

"ఏమైంది బాపు? కాళ్లు మంచిగున్నయా?"

"కాళ్లకేమైంది?" వెనక ఇంజను చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. "రోడ్డు ఎండిపోయింది. దుమ్ము లేస్తున్నది. బండి తియ్యమన్నరు."

"మరి?"

"తీస్తున్న," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.